ఒట్టు వేసినారా అని అడిగాను

వేలూరులో ముప్పై ఏళ్ళకు పైగా తీగ వాయిద్యాలు బాగుచేశాను. ఇప్పుడు కళ్ళు సహకరించడం లేదు, చేతులు వణుకుతున్నాయి. అందువల్ల రాయడానికి తీరిక దొరికింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు అప్పుడప్పుడు ఇంటికొచ్చి, "సార్, పాత గిటారు స్థితి చూడగానే ఎట్లా చెప్పేస్తారు?" అని అడుగుతుంటారు. చూడగానే చెప్పేవాణ్ణి నమ్మకండి. నేనూ కొన్నాళ్ళు అట్లాంటివాణ్ణే కాబట్టి చెబుతున్నాను.

మాది విరించిపురం. ఇళ్ళకు తలుపులు, కిటికీలు చేసే కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కోపం వస్తే రెండూ. మా నాయన జీవితమంతా తెలుగు మాట్లాడాడు గానీ ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నాకు ఈ లిపి నేర్పింది చిత్తూరు నుంచి మా ఇంటికి కోడలుగా వచ్చిన పిన్నమ్మ. తప్పులుంటే ఆమెను కాదు, నన్ను తిట్టండి.

నాయుడుగారి కొట్టు

గోవిందసామి నాయుడుగారి వాయిద్యాల కొట్టుకు తలుపు బిగించడానికి వెళ్ళి అక్కడే ఉండిపోయాను. ఆయన నోరు చెడ్డది, చెవి మంచిది. వీధిలో ఎవరైనా మోసుకుపోతున్న ఫిడేలు దేనికో తగిలి ఠక్కుమంటే, "దాని అతుకు వదిలింది, పిలువు ఆయప్పను" అనేవాడు. పిలిచి చూస్తే నిజంగానే వదిలి ఉండేది.

మామూలు గిటార్లు మాకు కొత్త కాదు. అరుదుగా వచ్చేది ఆర్చ్‌టాప్ గిటారు. దాని పైపలక చదునుగా ఉండదు. మందమైన చెక్కను తొలిచి, ఫిడేలు లాగా ఉబ్బెత్తుగా చెక్కుతారు. నడుమ గుండ్రటి కన్నం కూడా ఉండదు, రెండు పక్కలా సన్నని వంపు కన్నాలు ఉంటాయి. మా కొట్లో దాన్ని పొట్ట గిటారు అనేవాళ్ళం.

నా చేతికొచ్చిన మొదటి పొట్ట గిటారుకు తీగలు విప్పగానే వాటిని ఎత్తి పట్టే చిన్న చెక్క, బ్రిడ్జి, ఊడి నా ఒళ్ళో పడింది. అయ్యో, అతుకు పోయిందే అనుకుని, మా నాయన తలుపు చట్రాలకు వాడే వజ్రం జిగురు కాచి, దాన్ని గట్టిగా అతికించేశాను. ఆ గిటారుకు బ్రిడ్జిని అతికించరు, తీగల బిగువు మీదే అది నిలబడుతుంది. ఆ సంగతి నాకు తెలియదు. నాయుడుగారు వచ్చి దాన్ని వేలితో కదిపి చూశాడు.

"ఏమిరా, గడియ బిగించినావా? రేప్పొద్దున తాళం గూడా వేస్తావా?" అన్నాడు.

దాన్ని ఊడదీయడానికి రెండు రోజులు వేడినీళ్ళ గుడ్డలు వేశాను. వార్నిషు మీద మచ్చ మిగిలిపోయింది. ఆ గిటారు యజమానికి ఆ మచ్చ నా వల్లే వచ్చిందని నాచేతే చెప్పించాడు నాయుడుగారు. ఆ రోజు ఆయన మీద నాకు చెడ్డ కోపం వచ్చింది.

ఆయన నేర్పిన వరస ఇది. ముందు తెచ్చినవాళ్ళను మాట్లాడనివ్వాలి, వాళ్ళు మాట్లాడుతుంటే గిటారు ముట్టకూడదు. తరవాత బ్రిడ్జి కింద పొట్ట దిగిందేమో చూసి, వేలి కణుపుతో చుట్టూ తట్టుకుంటూ పోవాలి. అతుకు వదిలినచోట గరగరమంటుంది. తీగల కిందుండే పొడుగాటి కాడ మీద ఉక్కు స్కేలు ఆనించి వంపు చూడాలి. అంచున ఉన్న పాత సెల్యులాయిడ్ పట్టీని వాసన చూడాలి, పుల్లగా కంపు కొడుతుంటే అది లోలోపలే చెడుతోందని గుర్తు. వెనక పలక పక్కలతో కలిసేచోట వార్నిషు పొర తెగిందా లేదా చూడాలి. చివరికి టార్చి, పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం తీసుకుని కన్నంలోంచి లోపల చూడాలి. లోపల చూడటం ఆఖరి పని అని ఆయన వందసార్లు చెప్పి ఉంటాడు. నాకేమో అద్దం పెట్టి చూడటమంటేనే సరదా.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. చెక్కకు గానీ గుడ్డకు గానీ అతుకు వేస్తే మేము 'ఒట్టు' అంటాం. అది తమిళం మాట. మా వైపు వడ్రంగులకు, కుట్టుపనివాళ్ళకు వేరే మాట నోటికి రాదు. తెలుగులో ఒట్టంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ రెండూ మా నోళ్ళలో పక్కపక్కనే బతుకుతుంటాయి, ఏనాడూ గొడవపడలేదు. ఆ ఒక్కసారి తప్ప.

గుడియాత్తం నుంచి వచ్చిన పెట్టె

తొంభైల మొదట్లో బయటి సరుకుకు వాకిళ్ళు తెరిచారు. మా కొట్లోకి ముందు వచ్చింది కీబోర్డు. ఒక్క మనిషి ఒక్క వేలితో డోలు, ఫిడేలు, గిటారు అన్నీ మోగించేస్తుంటే పెళ్ళి కచేరీలవాళ్ళు గిటారువాణ్ణి పిలవడం మానేశారు. అదే కాలంలో పాత గిటార్ల కోసం బెంగుళూరు నుంచి, ఇంకా దూరం నుంచి మనుషులు వెతుక్కుంటూ రావడం మొదలైంది. వాళ్ళు బేరానికి ముందు కాగితం అడిగేవాళ్ళు. గిటారు ఎట్లా ఉంది, ఎక్కడ విరిగింది, ఎవరైనా విప్పారా అని ఇంగ్లీషులో రాసి సంతకం పెట్టాలి. నాయుడుగారికి ఇంగ్లీషు రాదు, నాకు కొద్దిగా వచ్చు. ఆ కాగితాలు నేనే రాసేవాణ్ణి. నా సంతకం కింద కొట్టు ముద్ర పడుతుంటే నాకు ఒళ్ళు పొంగిపోయేది.

ఒక మధ్యాహ్నం ఇద్దరు వచ్చారు. ఒకామె ఐరిస్ అమ్మ, జోలార్‌పేటలో టీచరు, ఆంగ్లో ఇండియన్. ఆమెతో వచ్చినాయన మునిరత్నం, గుడియాత్తంలో లుంగీలు నేసే మనిషి. పగలు మగ్గం మీద, సాయంత్రాలు కచేరీల్లో గిటారు మీద పనిచేసేవాడు. ఆయనకు గిటారు నేర్పింది ఐరిస్ అమ్మ వాళ్ళ అన్న డెన్నిస్, రైల్వే గార్డు.

డెన్నిస్ ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ తన పొట్ట గిటారును మునిరత్నం దగ్గర పెట్టిపోయాడు. తొమ్మిదేళ్ళ తరవాత, దాన్ని పంపమని చెల్లెలికి ఉత్తరం రాశాడు. పంపేముందు తెలిసినవాళ్ళకు చూపించి, ఎవరూ దాని పెట్టె, అంటే పలకలూ పక్కలూ అతికిన గిటారు ఒళ్ళు, విప్పలేదని రాయించుకోమన్నాడు. వెళ్ళేటప్పుడు ఆయన గట్టిగా పెట్టిన షరతు అదే. ఏదైనా చెడితే చెడనీ, ఏ వడ్రంగి ఆచారి చేతికీ ఇచ్చి విప్పించొద్దు అని.

కాబట్టి ఆ రోజు బల్ల మీద ఉన్నది గిటారు ఒక్కటే కాదు, మునిరత్నం ఇచ్చిన మాట కూడా. నాకు గిటారే కనబడింది.

అబ్బ, ఎంత అందమైన వస్తువది! ముదురు తేనె రంగు, అంచుల్లో నల్లబడి, నడుమ వెలుగు. తొమ్మిదేళ్ళు మగ్గం ఇంట్లో ఉన్నా దాని మీద నూలు దుమ్ము లేదు. నా చేతులు ఆగలేదు. మునిరత్నం మాట్లాడుతుండగానే టార్చి, అద్దం తీసుకుని కన్నంలోంచి లోపల చూడటం మొదలుపెట్టాను.

"ఆయప్ప నాకు గురువు నాయనా. జోలార్‌పేట టేసనులో నా చెయ్యి పట్టుకుని దీన్ని నా చేతిలో పెట్టినాడు. నాకు ఏడుపొచ్చేసినాది," అంటున్నాడు మునిరత్నం. నేను "సరి, సరి" అంటూ అద్దం తిప్పుతున్నాను.

పక్క చెక్కల లోపలి వైపు ఏదో కనబడింది. గుడ్డ. వేలెడు వెడల్పు పీలికలు, నిలువుగా, జిగురుతో అంటించి ఉన్నాయి. నాకు నవ్వొచ్చింది. ఎందుకంటే గుడియాత్తం నుంచి ఏ వాయిద్యం వచ్చినా దాని కడుపులో గుడ్డముక్క ఉండి తీరుతుంది. హార్మోనియం తిత్తి చిరిగితే లుంగీ ముక్క, డోలక్కు పగిలితే లుంగీ ముక్క. మగ్గం ఉన్న ఇంట్లో గుడ్డకు, గంజికి కరువేముంది?

కన్నంలోంచి కన్ను తీయకుండానే అడిగాను. "ఒట్టు వేసినారా దీనికి?"

"వేసినాను నాయనా," అన్నాడు మునిరత్నం వెంటనే. "ఒగసారి గాదు, రెండుసార్లు వేసినా."

"ఎవరు వేయమన్నారు?"

"ఎవరూ అడగలే. నా మనసు ఊరుకోక నేనే వేసినా."

అయిపోయింది. తప్పు చేసినవాడే ఒప్పుకున్నాక ఇంక చూడాల్సిందేముంది అనుకున్నాను. మిగతాదంతా పైపైన తట్టి ముగించేశాను.

నేను రాసిన కాగితం

లోపలి పక్కలకు స్థానికంగా గుడ్డ అతుకులు వేశారనీ, అందుకోసం పెట్టె విప్పి మళ్ళీ మూశారనీ, ఆ సంగతి దగ్గర ఉంచుకున్న మనిషే ఒప్పుకున్నాడనీ రాశాను. చక్కటి చేవ్రాలు, ముద్ర.

ఐరిస్ అమ్మ రెండుసార్లు చదివింది. కళ్ళద్దాలు తీసి మునిరత్నం వైపు తిరిగి, తమిళంలో ఒక్క మాటే అంది. "నీంగళా, రత్నం?" మీరా, అని.

మునిరత్నానికి ఇంగ్లీషు రాదు. "ఏం రాసుండావు నాయనా?" అని నన్నడిగాడు. చెప్పాను. 

"నేను తెరవలే. దేవుని సాక్షిగా తెరవలే."

"ఇందాక మీరే ఒప్పుకుంటిరి గదప్పా."

"నేనేం ఒప్పుకుంటి?"

ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పి ఉంటే ఈ కథ అక్కడే తేలిపోయేది. నేను చెప్పలేదు. బయట ఇంకెవరో నిలబడి ఉన్నారు, నాకు విసుగ్గా ఉంది. పైగా ఒప్పుకున్న నోటితోనే కాదనే మనుషులంటే నాకు ఒళ్ళుమంట. "కాగితం రాసేసినానప్పా, ఇంక మార్చేది లేదు," అన్నాను.

ఐరిస్ అమ్మ గిటారును దాని తోలు పెట్టెలో పెట్టి మూసి తానే మోసుకుపోయింది. ఆయన పట్టుకోబోతే ఇవ్వలేదు. మునిరత్నం మెట్ల మీద కాసేపు నిలబడి, గుడియాత్తం బస్సుకు వెళ్ళిపోయాడు. ఈ గుడ్డ పీలికలవాళ్ళ చేతుల్లో పడి ఎన్ని మంచి వాయిద్యాలు పాడవుతున్నాయో అని సాయంత్రం నాయుడుగారికి ఉపన్యాసం కూడా ఇచ్చాను.

రెండో గిటారు

నాలుగేళ్ళ తరవాత కాట్పాడి నుంచి ఒక డాక్టరు తన తండ్రి గిటారు తెచ్చాడు. అదీ పొట్ట గిటారే, అదే కంపెనీది. తండ్రి కొన్న నాటి నుంచీ పెట్టెకు తాళం వేసి దాచిందట. ఈసారి నాయుడుగారు పక్కనే కూర్చున్నాడు కాబట్టి వరసగానే చూశాను. తట్టాను. అంచు వాసన చూశాను. వెనక పలక అతుకు వెంట గోటితో పోతే వార్నిషు ఒకటే పొర, ఎక్కడా తెగలేదు. విప్పితే అది తెగకుండా ఉండదు. ఈ గిటారును పుట్టాక ఎవరూ విప్పలేదు.

అద్దం పెట్టి లోపల చూశాను. పక్క చెక్కలకు గుడ్డ పీలికలు. వేలెడు వెడల్పు, నిలువుగా, జిగురుతో.

అద్దం కింద పెట్టాను. స్టూలు మీద కూర్చున్నాను. పల్చటి పక్క చెక్క పగలకుండా ఆ గుడ్డను ఫ్యాక్టరీలోనే, పెట్టె మూయకముందే అంటిస్తారన్నమాట. నేను గుడియాత్తం గుడ్డ అనుకున్నది గిటారుతో పాటే సముద్రం దాటి వచ్చింది.

నాయుడుగారికి చెప్పాను. ఆయన మునిరత్నాన్ని మరిచిపోలేదు.

"మరి ఆయప్ప ఒప్పుకున్నాడంటివే?"

"ఒప్పుకున్నాడు సార్. ఒట్టు వేసినారా అంటే వేసినా అన్నాడు. రెండుసార్లు వేసినా అన్నాడు."

నాయుడుగారు చేతిలోని రంపం కింద పెట్టాడు. "ఒరే దామోదరం, నువ్వు తెలుగులో అడిగితివా, తమిళంలో అడిగితివా?"

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక తల పైకెత్తలేకపోయాను. ఆయన స్టేషన్లో గురువు చేయి పట్టుకున్న సంగతి చెబుతున్నాడు. అప్పుడు నేను ఒట్టు వేశారా అని అడిగాను. వేశాను, ఎవరూ అడక్కుండానే, మనసు ఊరుకోక రెండుసార్లు వేశాను అన్నాడు ఆ మనిషి. తన మాట నిలబెట్టుకున్నానని చెప్పుకుంటే నేను దాన్నే నేరం కింద రాసి, ముద్ర వేసి ఇచ్చాను.

"ఉత్తరం రాయనా సార్?"

"ఉత్తరమా? పో, ముఖం చూపించి చెప్పు. నేను రాను, నువ్వే పో."

మగ్గం దగ్గర

గుడియాత్తంలో బస్సు దిగి, షేర్ ఆటో ఎక్కి, దారి అడుగుతూ అడుగుతూ ఆ వీధికి వెళ్ళాను. ప్రతి ఇంట్లోనూ మగ్గం చప్పుడే. మునిరత్నం మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. నన్ను చూసి గుర్తుపట్టాడు, కానీ దారాన్ని అటూ ఇటూ తోసే నాడె ఆపలేదు. ఆయన భార్య మంగమ్మ వాకిట్లో నూలు చుడుతోంది.

నిలబడే చెప్పాను. "అప్పా, తప్పు నాది. గుడ్డ కంపెనీవాళ్ళు వేసింది. మీరు తెరవలేదు. నేను అడిగిన ఒట్టు వేరే, మీరు చెప్పిన ఒట్టు వేరే."

మగ్గం ఆగింది. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"నాకెందుకప్పా చెప్తా ఉండావు?" అన్నాడు. "నేను తెరవలేదని నాకు తెల్సు గదా. వాకిట్లో ఉండే ఆమెకు చెప్పు."

మంగమ్మ చేతిలో దారం అట్లాగే ఉండిపోయింది. అప్పుడు తెలిసింది, నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఆయన్ను నమ్మిన మనిషి ఒక్కరూ లేరని. మళ్ళీ మొదటినుంచీ ఆమెకు చెప్పాను. 

"ఆయప్ప చెప్తానే ఉండె," అంది చివరికి. "నేనే నమ్మలే. సదువుకున్నోడు రాసి సంతకం పెట్టినాడంటే అబద్ధం రాస్తాడా అనుకుంటి. ఈయప్ప మాటకు సంతకం యాడుండాది?"

నాకు సిగ్గేసింది. ఆ తరవాత ఎన్ని కాగితాలు రాసినా సంతకం పెట్టేచోట నా చేయి ఒక క్షణం ఆగేది.

"డెన్నిస్ అయ్య ప్రతి క్రిస్మస్‌కూ కార్డు పంపుతా ఉండె," అందామె మళ్ళీ. "ఆ కాయితం పోయినాక ఒగటి గూడా రాలే. క్రిస్మస్ నెల వస్తే ఈయప్ప పోస్టుమేను సైకిలు కోసం వాకిలి చూసేది నేను చూస్తానే ఉంటి. పాపం, నేనేం అనలే."

ఐరిస్ అమ్మ కూడా రిటైరై అన్న దగ్గరికే వెళ్ళిపోయిందట. ఇద్దరికీ ఇక్కడే, ఇప్పుడే ఉత్తరం రాస్తానన్నాను. మంగమ్మ లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టెలోంచి పాత కార్డొకటి తెచ్చింది, దాని మీద చిరునామా ఉంది. మగ్గం పక్కన చాప మీద కూర్చుని రాశాను. మొదటి కాగితం తప్పనీ, ఈయన గిటారును విప్పలేదనీ, విప్పించలేదనీ, ఒప్పుకున్నాడని రాసింది నా పొరపాటనీ రాసి, తెలుగులో చదివి వినిపించాను.

మునిరత్నం శ్రద్ధగా విన్నాడు. "బాగుండాది. ఇంకొకటి రాయి," అన్నాడు.

"చెప్పండప్పా."

"వాన నెలల్లో తీగలు వదులు చేసి పెట్టమని చెప్పినాడు గురువు. తొమ్మిదేండ్లలో ఎనిమిదేండ్లు చేసినా. ఒగేడు మా అమ్మకు ఒళ్ళు బాగలేక ఆస్పత్రి చుట్టూ తిరుగుతా మరిసిపోతి. వానలన్నీ అయ్యేదాకా తీగలు బిగువుగానే ఉండిపోయినాయి. తేమకు, తీగల బరువుకు బ్రిడ్జి కింద పొట్ట రోంత దిగినట్టుండె. గోటి మందం. అది నా తప్పు, రాయి."

మంగమ్మకు కోపం వచ్చేసింది. "ఇప్పుడు ఆ సంగతెందుకప్పా? ఇప్పుడే గదా పేరు నిలబడినాది! ఎవరడిగినారు నిన్ను?"

"ఎవరూ అడగలే," అన్నాడు మునిరత్నం. "ఆ పొద్దు ఈ నాయన అడిగుంటే చెప్పుందును."

ఒక గిటారు స్థితి చూడమని పిలిస్తే మొదట చూడాల్సింది బ్రిడ్జి కింద పొట్ట. నా కాగితంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. ఆయన చెప్పినట్టే, గోటి మందం అని రాశాను.